విడిచిపోయినవాని ఆక్షేపణము

ఒక సమాజములో పుట్టి పెరిగి, దాని గ్రంథములు చదివి, పిదప దానిని విడిచిపోయినవాడు చేయు ఆక్షేపణమునకు ఆ సమాజమువారు సాధారణముగా జవాబు చెప్పరు. వాని నడతకు, వాని పుట్టుకకు, వాని కోపమునకు జవాబు చెప్పుదురు. క్రైస్తవ సంఘమునకు ఇట్టి పరీక్ష నాలుగవ శతాబ్దిలోనే తటస్థించినది. ఆక్షేపించినవాడు సామాన్యుడు గాడు, రోమక చక్రవర్తి.

జూలియను 331వ సంవత్సర ప్రాంతమున కాన్‌స్టాంటినోపిలులో జన్మించెను. క్రైస్తవమునకు రాజాదరణము కల్పించిన కాన్‌స్టంటైనునకు ఇతడు సవతి తమ్ముని కుమారుడు. ఆ చక్రవర్తి 337లో గతింపగానే సైనికులు ఈ బాలుని తండ్రిని, పెక్కురు బంధువులను చంపిరి. ఆ హత్యల నేరము కొత్త ప్రభువైన కాన్‌స్టాంటియసుదే యని జూలియను తరువాత వ్రాసెను. ఆ ప్రభువు క్రైస్తవుడు. బాలుని పెంపకమును క్రైస్తవుల చేతిలోనే యుంచిరి. అతడు ప్రార్థనాలయమున బైబిలు చదివి వినిపించు పాఠకుడుగా సయితము పని చేసెను. ఇరువది యేండ్ల వయసున లోలోపల ఆ మతమును వీడి, పదేండ్లు గుట్టుగా నుండి, 361లో రాజ్యము చేతికి వచ్చినపుడు బయటపడెను.

362-63 చలికాలమున అంటియొకయలో నుండి అతడు గలిలయులకు ప్రతిగా మూడు పుస్తకముల గ్రంథమును రచించెను. క్రైస్తవులను చులకన చేయుటకే వారికి ‘గలిలయులు’ అని పేరు పెట్టెను. మంచిచెడ్డలు తెలిసికొనుటను మనుష్యునకు దేవుడేల నిషేధించెను? సర్వలోకమును సృజించినవాడు ఒక్క యూదజాతినే ఏల చేరదీసెను? యూదుల శాస్త్రమే మీకు ప్రమాణమైనచో దాని విధుల నేల విడిచితిరి? ఇవి యతని ప్రశ్నలు. వీనికంటె మర్మము నంటునది మరియొకటి కలదు. మీరు గుళ్లను పడగొట్టుచున్నారు, మీతో ఏకీభవింపని మీవారినే చంపుచున్నారు. ఇట్లు చేయుమని యేసు గాని పౌలు గాని మీకు చెప్పలేదు గదా యని యడిగెను. లోపల నున్నవాడు గనుకనే ఈ ప్రశ్న వేయగలిగెను.

అయినను జూలియను చేతులు శుభ్రమైనవని మేము చెప్పజాలము. హోమరు మొదలగువారి దేవతలను నమ్మనివారు వారి కావ్యములను బోధింపరాదని 362లో అతడు శాసించెను. ఏథెన్సులో ప్రొహెరీసియసను ప్రసిద్ధోపాధ్యాయుడు బడి మానుకొనెను. క్రైస్తవుడు గాని చరిత్రకారుడు అమ్మియానసే ఈ శాసనమును గర్హించెను. బడిపంతులు పనిలో నున్న మాకు ఇది మరింత కష్టముగా తోచుట సహజము. అక్షరమును మతమునకు కట్టివేసినవాడు తర్కమున గెలిచినను ఓడినవాడే.

చిత్రమేమన, ఈ శత్రువే సంఘమునకు గొప్ప యోగ్యతాపత్రమును వ్రాసియిచ్చెను. గలతియలోని ప్రధానార్చకునకు వ్రాసిన లేఖలో, ఈ గలిలయులు తమ బీదలనే గాక మన బీదలను గూడ పోషించుచున్నారు, మనవారిని మనము చూడకుండుట సిగ్గుచే టనెను. అంతట ఆగక, సంవత్సరమునకు 30,000 మోదియముల గోధుమలను ఆ మండలమునకు ఏర్పాటు చేసి, అందైదవ వంతు అర్చకులను సేవించు బీదలకును, తక్కినది పరదేశులకు, యాచకులకును పంచుమని యాజ్ఞాపించెను. 363 జూను నెలలో పారశీక యుద్ధమున గాయపడి మరణించెను.

ఇక ప్రత్యుత్తరముల సంగతి. ఏథెన్సులో జూలియనుతోపాటు చదువుకొన్న గ్రెగరీ అతడు పోయిన పిమ్మట రెండు ఉపన్యాసములు వ్రాసెను. వానిలో వాగ్ధాటి యున్నది, ప్రజ్ఞ యున్నది, తిట్టు అంతకంటె మిక్కిలిగా నున్నది. ప్రశ్నలు మాత్రము అట్లే నిలిచినవి. అర్ధశతాబ్దికి పైగా గడచిన తరువాత అలెగ్జాండ్రియా బిషపు సిరిలు పూనుకొనెను. ఈ గ్రంథము మావారిలో పెక్కుర మనస్సులను కదలించినదని అతడు దాచక ఒప్పుకొనెను. జూలియను వాక్యములను ముందుగా ఉదాహరించి, వాని క్రింద తన సమాధానమును వ్రాసెను. మన శాస్త్రకారుల పూర్వపక్ష సిద్ధాంతముల పద్ధతి యిదియే. చార్వాకుల పలుకులు వారిని ఖండించినవారి గ్రంథములలోనే గదా మనకు ముఖ్యముగా దొరకుచున్నవి! సిరిలు ఉదాహరణము సంపూర్ణము గాదు. పునరుక్తులను, క్రీస్తును దూషించు మాటలను విడిచితినని తానే చెప్పెను. సమాధానములును అన్నియు గట్టివి గావు. మోషే గ్రీకు పండితులకంటె ప్రాచీనుడను వాదము మీద అతడు మోపిన బరువు ఆ వాదము మోయలేదు.

బలాత్కారమును గూర్చిన ప్రశ్నకైతే పుస్తకములో జవాబు చెప్పి లాభము లేకపోయెను. 415లో, సిరిలు పీఠమున నుండగా, ఆ నగరమందే గణితవేత్త్రి హైపేషియాను క్రైస్తవుల గుంపొకటి ఈడ్చుకొనిపోయి చంపెను. గుంపునకు నాయకుడు పీటరను పాఠకుడని క్రైస్తవ చరిత్రకారుడు సోక్రటీసు వ్రాసి, ఇది సిరిలునకు, ఆ సంఘమునకు గొప్ప అపకీర్తి యని చేర్చెను. తనవారి తప్పును తన గ్రంథములో నెక్కించిన ఈ సోక్రటీసును మేము సిరిలుకంటె మంచి ప్రత్యుత్తరదాతగా నెంచుచున్నాము.

జూలియను గ్రంథము కాలక్రమమున నశించినది. 1880లో నోయిమాను అను జర్మను పండితుడు దానిని మరల కూర్చి ప్రకటించెను. అతని కది దొరకినది ముఖ్యముగా సిరిలు ఖండనములోనే. సిరిలు వ్రాసినదానిలో మొదటి పది భాగములు పూర్తిగా మిగిలినవి. అవి జూలియను మొదటి పుస్తకమునకు మాత్రమే చెప్పిన జవాబులు. పిదపటి రెండు పుస్తకములనుండి తునకలు తప్ప మిగులలేదు.