గోల్ఫ్ పచ్చిక: వేసవి సంరక్షణ చరిత్ర

గోల్ఫ్ మైదానంలో గుంట చుట్టూ ఉండే నున్నని పచ్చికను గ్రీన్ అంటారు. ఇక్కడి గడ్డిని దాదాపు ప్రతిరోజూ, సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తున కోస్తారు. ఆకు అంత పొట్టిగా ఉంటే మొక్క తయారుచేసుకునే ఆహారం తగ్గుతుంది, వేరు లోతుకు దిగదు. అందుకే ఎండలు ముదిరితే మైదానంలో మొదట దెబ్బతినేవి గ్రీన్లే. వాటిని కాపాడుకునే పద్ధతులు ఎక్కువగా 20వ శతాబ్దపు అమెరికాలో రూపుదిద్దుకున్నాయి.

నేపథ్యం

గోల్ఫ్ స్కాట్లండ్ సముద్రతీరపు ఇసుక నేలల్లో పెరిగిన ఆట. అక్కడి చల్లదనానికి ఫెస్క్యూ, బెంట్ జాతుల గడ్డి చక్కగా సరిపోయింది. ఆట వేడి దేశాలకు చేరాక చిక్కు మొదలైంది. బెంట్ గడ్డి ఆకులకు 15–24 డిగ్రీల సెల్సియస్, వేళ్లకు 10–18 డిగ్రీలు అనుకూలం. అంతకు బాగా మించి వేడెక్కితే మొక్క తయారుచేసే ఆహారం కన్నా శ్వాసక్రియకు ఖర్చయ్యేది ఎక్కువవుతుంది. ముందు వేళ్లు చనిపోతాయి, ఆకు ఆ తర్వాత వాడుతుంది.

ఈ కారణంగా చాలా వేడి ప్రాంతాల్లో గడ్డికి బదులు, నూనె కలిపి చదును చేసిన ఇసుక మీద ఆడేవారు. వాటిని బ్రౌన్స్ అనేవారు. నార్త్ కరోలినాలోని ప్రసిద్ధ పైన్‌హర్స్ట్ 2వ నంబరు మైదానంలో కూడా 1935 దాకా ఇసుక తలాలే ఉండేవి.

గరిక

వేడికి తగిన గడ్డి బెర్ముడా. మన పొలం గట్ల మీద పాకే, వినాయక చవితి పూజకు కోసే గరిక ఇదే. 27–35 డిగ్రీల వేడిలో ఇది ఏపుగా ఎదుగుతుంది. అయితే మామూలు గరిక ముతకగా ఉండి బంతి సాఫీగా దొర్లదు. జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త దీన్ని సన్నని ఆఫ్రికా గరికతో సంకరపరిచి 1956లో టిఫ్‌గ్రీన్ రకాన్ని విడుదల చేశాడు. 1965లో టిఫ్‌డ్వార్ఫ్ వచ్చింది. ఈ సంకరాలకు విత్తనం రాదు. కాడ ముక్కలు నాటి పెంచుతారు.

బెంట్‌ను నిలిపే ప్రయత్నం

మరికొందరు బెంట్‌ నునుపును వదులుకోలేదు. 1960లో అమెరికా గోల్ఫ్ సంఘం గ్రీన్ నిర్మాణానికి ప్రమాణాలు ప్రకటించింది. సుమారు 30 సెంటీమీటర్ల ఇసుక పొర, దాని కింద కంకర ఉంటే ఎక్కువైన నీరు దిగిపోయి వేళ్లకు గాలి అందుతుంది. మాస్టర్స్ పోటీ జరిగే అగస్టా నేషనల్ మైదానం 1981 పోటీకి గరికను తీసి బెంట్ వేసింది. వేసవిలో ఆ మైదానం ఆటకు మూసే ఉంటుంది కాబట్టి ఎండల్లో బెంట్ మీద ఆట ఒత్తిడి పడదు. నేలలోని తేమను లాగి, వేళ్ల దగ్గరికి గాలి పంపే సబ్‌ఎయిర్ యంత్రాలు 1990లలో అక్కడే పుట్టాయి.

బంతి దొర్లే వేగాన్ని కొలిచే స్టింప్‌మీటర్ 1970ల చివర మైదానాలకు అందాక, వేగం కోసం కోత ఇంకా కిందికి దిగింది. గడ్డికి కష్టం పెరిగింది.

రోజువారీ పద్ధతులు

నడిచిన పాదముద్ర చెరగకుండా నిలిచి, ఆకు నీలి ఛాయకు తిరిగితే గడ్డి వడలుతున్నట్టు లెక్క. అప్పుడు సిబ్బంది గొట్టం పట్టి, ఆకు మాత్రమే తడిసేంత పలచగా నీళ్లు చిలకరిస్తారు. ఆ తడి ఆరేటప్పుడు వేడిని వెంట తీసుకుపోతుంది. నేల నానేంత పోస్తే మాత్రం ముప్పే: వేళ్లకు ఊపిరాడదు, రాత్రులు ఉక్కగా ఉంటే పైథియం తెగులు ఒక్క రాత్రిలో పచ్చికను తినేస్తుంది. కోత ఎత్తు పెంచడం, కొన్ని రోజులు కోతకు బదులు రోలర్ తిప్పడం, సన్నని రంధ్రాలు పొడవడం, గాలి ఆడని చోట పంకాలు పెట్టడం మిగతా ఉపాయాలు.

ఇటీవలి మార్పు

1990లలో ఛాంపియన్, మినీవర్డ్, టిఫ్‌ఈగల్ వంటి మరీ పొట్టి గరిక రకాలు వచ్చి, నునుపులో బెంట్‌కు దీటుగా నిలిచాయి. 2010 వేసవిలో అమెరికా తూర్పు రాష్ట్రాల్లో బెంట్ గ్రీన్లు విస్తారంగా దెబ్బతిన్నాయి. 2011 పీజీఏ ఛాంపియన్‌షిప్ అట్లాంటా శివారులో ఛాంపియన్ గరిక మీద జరిగింది. 2014లో పైన్‌హర్స్ట్ 2వ నంబరు గ్రీన్లు కూడా గరికకు మారాయి. ఎడారిలోనూ ఇదే దారి: 1988లో తెరిచిన దుబాయ్ ఎమిరేట్స్ క్లబ్‌లో పరిచింది గరిక జాతే.

గరికకూ ఇబ్బందులున్నాయి. నీడలో పలచబడుతుంది, గడ్డకట్టే చలి రాత్రుల్లో గ్రీన్ మీద దుప్పట్లు కప్పాలి. అయినా ఇన్ని దశాబ్దాల అనుభవం చెప్పేది స్పష్టం. ఊరి ఎండకు తగిన గడ్డిని ఎంచుకున్న మైదానానికి వేసవి సాగుకాలం, ఎంచుకోని మైదానానికి అది ఏటా వచ్చే గండం.