కార్ల్‌టన్‌లో ఇటాలియన్ వలస సమాజ వారసత్వం – ఇల్లు, జ్ఞాపకం, భాష

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగర కేంద్రానికి ఉత్తరాన, దాన్ని ఆనుకొని ఉన్న పేట కార్ల్‌టన్. అక్కడి వ్యవహారంలో ఇది శివారు కిందే లెక్క. దీని ప్రధాన వీధి లైగన్ వీధి. కాఫీ దుకాణాలు, పిజ్జా దుకాణాలు, మిఠాయి అంగళ్ళ వల్ల దీనికి ‘చిన్న ఇటలీ’ అనే పేరు వచ్చింది. ఆ పేరు నగర ప్రజల నోట స్థిరపడే నాటికే అక్కడి ఇటాలియన్ కుటుంబాల్లో అధికభాగం ఉత్తరాన ఉన్న బ్రన్స్‌విక్, కోబర్గ్, థామస్‌టౌన్ వంటి చోట్లకు తరలిపోసాగాయి. మనుషులు కదిలిపోతున్న కాలంలోనే వారి పేరు ఆ వీధికి అతుక్కుపోయింది. ఈ వైరుధ్యం కారణంగా కార్ల్‌టన్‌లో ‘వారసత్వ పరిరక్షణ’ అన్నప్పుడు దేన్ని పరిరక్షించారు, దేన్ని తొలగించారు అనే ప్రశ్న తప్పనిసరి అవుతుంది. కట్టడాల రక్షణ కోసం జరిగిన కృషే ఇటాలియన్ వలసదారుల గుర్తులను కొంతవరకు చెరిపివేసిందనీ, ఆ సమాజపు వారసత్వం ప్రధానంగా మాటలోను, ఛాయాచిత్రంలోను మిగిలిందనీ, ఆ మాటను భద్రపరచడంలో కూడా ప్రమాణ భాషకు మాండలికానికి మధ్య ఎక్కువతక్కువలు పనిచేశాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

వలస క్రమం

విక్టోరియా రాష్ట్రంలో ఇటాలియన్ల ఉనికి 1850ల నాటి బంగారు గనుల కాలం నుంచే ఉంది. 1854 డిసెంబరులో బల్లారట్ గని కార్మికులు ప్రభుత్వంపై తిరగబడిన ఘటనను స్వయంగా చూసి గ్రంథస్థం చేసినవాడు ఉర్బీనోలో పుట్టిన రఫాయెల్లో కార్బోని. అతని ‘ది యురేకా స్టాకేడ్’ 1855లో మెల్‌బోర్న్‌లో వెలువడింది. గ్రంథం ఇంగ్లీషులో ఉంది, అయితే ఇతర భాషల పలుకులు మాటిమాటికీ తలెత్తుతుంటాయి. వలస సమాజపు తొలి ముఖ్య రచన పరభాషలో పుట్టడం సాహిత్య విద్యార్థులు గమనించదగిన విషయం.

కార్ల్‌టన్‌కు సంబంధించినంతవరకు తొలివారు వీధి సంగీతకారులు. దక్షిణ ఇటలీలోని బజిలికాటా ప్రాంతానికి చెందిన విజ్జానో అనే కొండ ఊరు హార్పు, వయొలిన్ వాయించేవారికి ప్రసిద్ధి. ఆ ఊరివారు 19వ శతాబ్ది చివర కార్ల్‌టన్‌లో కాపురాలు పెట్టారు. సిసిలీకి ఉత్తరాన ఉన్న ఈయోలియన్ దీవులవారు మెల్‌బోర్న్‌లో పండ్ల వ్యాపారంలో స్థిరపడ్డారు. ఒకరు వచ్చి నిలదొక్కుకుంటే వారి వెనుక తమ్ముడు, బావమరిది, పక్కింటివారు వచ్చే గొలుసు వలస ఇది. అందువల్ల వారు ‘ఇటలీ’ నుంచి వచ్చారనడం కంటే ఫలానా ఊరినుంచి వచ్చారనడమే సరైనది.

1901 నాటి వలస నియంత్రణ చట్టం ఏదైనా యూరోపియన్ భాషలో యాభై పదాల వాచకాన్ని విని రాయమని పరీక్ష పెట్టే అధికారాన్ని ఇచ్చింది. జాతి వివక్షకు భాషా పరీక్ష అనే ముసుగు వేసిన చట్టం అది. కాగితం మీద ఇటాలియన్లు యూరోపియన్లే అయినా, ముఖ్యంగా దక్షిణాదివారిని సమానులుగా చూడలేదు. 1921, 1924 సంవత్సరాల్లో అమెరికా తన ద్వారాలను బిగించాక ఆస్ట్రేలియా వైపు రాక పెరిగింది. 1940 జూన్ 10న ఇటలీ యుద్ధంలోకి దిగడంతో వారు ఒక్కరోజులో శత్రుదేశీయులయ్యారు. ఆస్ట్రేలియాలో నివసిస్తున్న ఇటాలియన్లలో సుమారు 4,700 మందిని నిర్బంధ శిబిరాలకు పంపారు. బహిరంగంగా సొంత భాష మాట్లాడటానికి జంకే పరిస్థితి ఏర్పడింది. ఆ తరువాత దశాబ్దాల పాటు వారి వారసత్వం ఇంటి గోడల మధ్యే ఉండిపోవడానికి ఈ అనుభవం ఒక కారణం.

1951లో రెండు దేశాల మధ్య సహాయక వలస ఒప్పందం కుదిరింది. ప్రయాణ ఖర్చులో సాయం పొందినవారు రెండేళ్ళపాటు ప్రభుత్వం చూపిన పనిలో ఉండాలి. చాలామంది మొదట దిగిన బోనెగిల్లా శిబిరంలో 1952లో పని దొరకని ఇటాలియన్లు ఆందోళన చేశారు. ఇటలీలో పుట్టి ఆస్ట్రేలియాలో నివసించేవారి సంఖ్య 1971 జనగణన నాటికి సుమారు 2,89,000కు చేరింది. 2021 నాటికి అది దాదాపు 1,63,000కు తగ్గింది. అదే జనగణనలో తమ పూర్వీకులు ఇటాలియన్లని చెప్పుకొన్నవారు 11 లక్షలు దాటారు. పుట్టుక తరిగి వంశస్మృతి పెరిగిన ఈ తేడాలోనే వారసత్వం అనే మాటకు అవసరం కలుగుతుంది.

ఇల్లు: కట్టినవారు, మార్చినవారు, పునరుద్ధరించినవారు

యుద్ధానంతరం వచ్చినవారిని కార్ల్‌టన్ ఆకర్షించడానికి కారణం అక్కడి వరుస ఇళ్ళు చౌక కావడం. ఉమ్మడి గోడలతో, ముందు ఇనుప అల్లిక అమర్చిన వసారాలతో విక్టోరియా రాణి కాలంలో కట్టిన ఇళ్ళవి. ఇటాలియన్ల కంటే ముందు అక్కడ బలంగా ఉన్నది యూదు సమాజం. వారి కదీమా గ్రంథాలయం చాలాకాలం ఈ పేటలోనే పనిచేసింది. యూదులు దక్షిణ ప్రాంతాలకు తరలుతుండగా ఇటాలియన్లు ఆ ఇళ్ళలో చేరారు. ఒక కుటుంబం ఇల్లు కొని, గదికి ఇద్దరు ముగ్గురు ఊరివాళ్ళను అద్దెకు పెట్టుకొని, ఆ అద్దెలతో అప్పు తీర్చడం అప్పటి పద్ధతి.

ప్రభుత్వం దృష్టిలో ఆ ప్రాంతం మురికివాడ. విక్టోరియా గృహనిర్మాణ సంస్థ 1960లో చేయించిన పరిశీలన పేరుమోసింది. అధికారులు వీధుల వెంట కారులో వెళ్తూ అద్దంలోంచి చూసి ఏ ఇల్లు కూల్చదగినదో నిర్ణయించారన్నది దానిపై నిలిచిపోయిన నింద. లోపలి వంటగదిని చూడకుండా వాకిలిని బట్టి తీర్పు చెప్పిన ఆ పద్ధతి ఫలితంగా పాత ఇళ్ళ స్థానంలో బహుళ అంతస్తుల గృహసముదాయాలు లేచాయి. దీన్ని ఎదిరిస్తూ 1969లో కార్ల్‌టన్ అసోసియేషన్ ఏర్పడింది. కూల్చివేతను ప్రతిఘటించినవారిలో విశ్వవిద్యాలయానికి సంబంధించిన విద్యావంతులు ముఖ్యులు.

అయితే ఈ ప్రతిఘటన కాపాడదలచిన ఇల్లు ఏది? ఇటాలియన్ గృహస్థులు తాము కొన్న ఇంటిని తమ అభిరుచికి తగినట్లు మార్చుకున్నారు. తుప్పుపట్టిన ఇనుప అల్లిక తీసి సిమెంటు స్తంభాలు నిలిపారు. చెక్క కిటికీల స్థానంలో అల్యూమినియం కిటికీలు పెట్టారు. పెరట్లో సిమెంటు పరిచి, పైన ద్రాక్ష పందిరి వేసి, మిగిలిన చారెడు నేలలో టమాటాలు, తులసిని పోలిన బాజిలికో పెంచారు. కారు షెడ్డులో ద్రాక్ష తొక్కి సారా పీపాలు నింపారు. దక్షిణార్ధగోళంలో వేసవి ముగిసే ఫిబ్రవరి రోజుల్లో కుటుంబమంతా కూడి ఏడాదికి సరిపడా టమాటా రసం కాచి సీసాలకెత్తేవారు. తెలుగిళ్ళలో ఆవకాయ పెట్టే రోజును ఎరిగినవారికి ఆ శ్రమలోని పండుగ స్వభావం వేరుగా వివరించనక్కరలేదు.

1970ల నుంచి ఈ ఇళ్ళను కొన్న మధ్యతరగతివారు వాటిని ‘అసలు’ రూపానికి తేవడం ఆరంభించారు. విక్టోరియా రాష్ట్రం 1974లో చారిత్రక కట్టడాల చట్టం చేసింది. పునరుద్ధరణ అంటే విక్టోరియన్ రూపమే ప్రామాణికమనీ, తరువాతి మార్పులు వికృతులనీ భావించారు. సిమెంటు స్తంభాలు పోయి ఇనుప అల్లిక తిరిగి వచ్చింది. పందిరి పోయి ఇటుక నడవ వచ్చింది. ఆ విధంగా కూల్చివేత నుంచి ఇంటిని కాపాడిన ఉద్యమమే వలసదారుల కాలాన్ని ఆ ఇంటి చరిత్రలోంచి తీసివేసింది. దీన్ని దురుద్దేశంగా చూడటం న్యాయం కాదు. 1979లో రూపొందిన ‘బర్రా నిబంధనావళి’ పరిరక్షణకు సాంస్కృతిక ప్రాధాన్యమే ప్రాతిపదిక అన్నది. స్థలంతో మనుషులకున్న అనుబంధాలను, అర్థాలను విస్పష్టంగా లెక్కలోకి తీసుకున్నది మాత్రం 1999 సవరణ. అప్పటికి కార్ల్‌టన్‌లో అనుబంధం గలవారు వెళ్ళిపోయారు.

ఇదే పేటలోని రాయల్ ఎగ్జిబిషన్ భవనం 2004లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. 1880లో పూర్తయిన ఆ భవన గోపురానికి ఫ్లోరెన్సు ప్రధాన చర్చి మీద బ్రునెల్లెస్కి నిర్మించిన గోపురం ఒక నమూనా. పునరుజ్జీవన కాలపు ఇటలీ ఆ విధంగా ప్రపంచ వారసత్వమైంది. యుద్ధానంతరం కొన్నేళ్ళపాటు ఆ ఆవరణలోనే వలసదారుల వసతి కేంద్రం నడిచిందన్న సంగతిని సందర్శకుడు వెదికి తెలుసుకోవాలి.

లైగన్ వీధిలో మిగిలినవి ప్రధానంగా అంగళ్ళు. 1870లో మొదలైన కింగ్ అండ్ గాడ్‌ఫ్రీ దుకాణం 1950లలో ఇటాలియన్ కుటుంబం చేతికి వచ్చింది. యూనివర్సిటీ కేఫ్ ఆ దశాబ్ది ఆరంభంలోనిది. టోటో పిజ్జా దుకాణం 1961లో తెరిచారు. వీటి విలువ తక్కువది కాదు. ఇరుకు గదుల్లో ఉండే ఒంటరి మగవాళ్ళకు కాఫీ బల్లే కూడలి. కాని అంగడి అనేది పరాయివారికి ఎదురుగా నిలిచే ముఖం. దాన్నొక్కదాన్నే వారసత్వంగా గ్రహిస్తే సమాజాన్ని భోజనపు పట్టీకి కుదించినట్లవుతుంది.

జ్ఞాపకం, భాష

1970లలో ఆస్ట్రేలియా బహుళ సంస్కృతుల విధానాన్ని స్వీకరించాక పరిస్థితి మారింది. 1960ల చివర మెల్‌బోర్న్‌లో ఇటాలియన్ల సంక్షేమం కోసం ఏర్పడిన కోఆజిత్ సంస్థ 1980లో ఇటాలియన్ హిస్టారికల్ సొసైటీని నెలకొల్పింది. కుటుంబాల పెట్టెల్లోని ఛాయాచిత్రాలు, పత్రాలు, వృద్ధుల మౌఖిక కథనాలు సేకరించడం దాని ప్రధాన కార్యం. 2010లో కార్ల్‌టన్‌లోని ఫారడే వీధిలో ‘మూజెయో ఇటాలియానో’ ప్రదర్శనశాల తెరుచుకుంది. కట్టడం ఇవ్వలేకపోయిన దాన్ని ఈ సేకరణ కొంతవరకు ఇచ్చింది.

ఈ సేకరణ విలువ తెలియాలంటే ఒక సాహిత్య ఘట్టాన్ని తలచుకోవాలి. ఇటాలియన్ వలసదారు స్వరంగా ఆస్ట్రేలియా పాఠకులు విరివిగా చదివిన తొలి పుస్తకం 1957 నాటి ‘దేర్ ఎ వియర్డ్ మాబ్’. రచయిత పేరు నీనో కులోత్తా. ఆ పేరు వెనుక ఉన్నది జాన్ ఓ గ్రేడీ అనే ఆస్ట్రేలియన్. వచ్చినవాడు ఇక్కడివారిలా మారిపోవడమే ఆ హాస్యకథ సారం. సిడ్నీ నేపథ్యంగా నేపుల్స్ ప్రాంతపు రోజా కప్పియెల్లో ఇటాలియన్‌లో రాసిన ‘పాయెజె ఫోర్తునాతో’ 1981లో గాని రాలేదు. అందులోని కోపం, మోటు పలుకు నీనో కులోత్తా వినయానికి పూర్తిగా భిన్నం. పరాయివాడు ఊహించి రాసిన గొంతుకూ అసలు గొంతుకూ మధ్య దాదాపు పాతికేళ్ళ ఎడం ఉంది.

అసలు గొంతు ఏ భాషలో ఉండేది? 1861లో ఇటలీ ఏకమైనప్పుడు ప్రమాణ ఇటాలియన్ వాడగలిగినవారు జనాభాలో 2.5 శాతమేనని భాషావేత్త తుల్లియో ద మావ్‌రో అంచనా. అక్కడ టెలివిజన్ ప్రసారాలు 1954లో మొదలై ప్రమాణ భాషను ఇంటింటికీ చేర్చాయి. అంతకుముందే ఓడ ఎక్కినవారు వెంట తెచ్చుకున్నది వెనెతో, సిసిలీ, కలాబ్రియా, అబ్రుజ్జో మాండలికాలను. వేర్వేరు ప్రాంతాలవారు కార్ల్‌టన్‌లో ఒకే ఇంట్లో ఉండవలసి వచ్చినప్పుడు ఇంగ్లీషు పదాలను చేర్చుకొని ఒక మిశ్రమ వ్యవహారం రూపొందింది. ఇంగ్లీషు ఫెన్స్ ‘ఫెన్‌జా’ అయింది, ఫార్మ్ ‘ఫార్మా’ అయింది, జాబ్ ‘జోబ్బా’ అయింది. ప్రమాణ ఇటాలియన్‌లో వ్యవసాయ క్షేత్రమనే అర్థమున్న ‘ఫత్తోరియా’ ఇక్కడ ఫ్యాక్టరీ అయింది. బండి అనే అర్థమున్న ‘కార్రో’ మోటారు కారు అయింది.

తెలుగును ‘ప్రాచ్య ఇటాలియన్’ అనే పాత పోలిక పొగడ్తగా అరిగిపోయింది. దానికి భాషాశాస్త్ర ప్రయోజనం ఏదైనా ఉంటే అది ఇటువంటి చోటనే. అజంత స్వభావం గల రెండు భాషలూ హల్లుతో ముగిసే ఇంగ్లీషు పదాన్ని అచ్చు చేర్చి ఇముడ్చుకుంటాయి. బస్సు, కారు, రోడ్డు అని తెలుగు చేసిన పనినే కార్ల్‌టన్ ఇటాలియన్లు చేశారు. భేదం ఏమంటే తెలుగులో చేరే ఉకారం ఉచ్చారణ కోసమే, ఇటాలియన్‌లో చివరి అచ్చు పదానికి సాధారణంగా లింగాన్ని కూడా సూచిస్తుంది. కంచె స్త్రీలింగమా పుంలింగమా అన్నది వలసదారు నాలుక మీద తేలవలసిన విషయం.

బడులలోకి ప్రవేశించిన ఇటాలియన్ ఇది కాదు. పాఠ్యపుస్తకంలో ఉన్నది ప్రమాణ భాష. దాన్ని నేర్చిన మనవరాలు తన నాయనమ్మ పలుకును తప్పుగా భావించే స్థితి ఏర్పడింది. గ్రాంథిక వ్యావహారిక వివాదాన్ని చదువుకొన్న తెలుగు పరిశోధకులకు ఈ స్థితి కొత్త కాదు, ఇక్కడ విశేషం అది పరదేశంలో, రెండు భాషల ఒత్తిడి కింద జరగడం. ఆస్ట్రేలియాలో ఇంట్లో ఇటాలియన్ మాట్లాడేవారు 2001లో సుమారు 3,53,000. 2021లో సుమారు 2,28,000. జనగణన పత్రంలో ఆ మాండలికాలు ఎక్కువగా ‘ఇటాలియన్’ అనే ఒక్క పేరు కిందే కలిసిపోతాయి.

ఆ 2021 జనగణనలోనే ఇంట్లో తెలుగు మాట్లాడేవారు దాదాపు 59 వేలమంది. మెల్‌బోర్న్ పడమటి శివారులైన టార్నీట్, ట్రుగనీనా వంటి చోట్ల వారి కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. శ్రీకాకుళం పలుకు, కరీంనగర్ పలుకు, కడప పలుకు ఆ పత్రంలో ‘తెలుగు’ అనే ఒకే గడిలో చేరుతాయి. కట్టడాల పరంగా వారికి కాపాడుకోవలసిన పాత ఇల్లు లేదు, అన్నీ కొత్త ఇళ్ళు. మౌఖిక సేకరణకు పూనుకునేవారు మాట్లాడే వ్యక్తి ఊరును, మాండలికాన్ని తొలిరోజు నుంచే వేరుగా నమోదు చేసుకోవచ్చు. కార్ల్‌టన్‌లో ఆ నమోదు ఆలస్యమైంది. 1950ల ఆరంభంలో ఇరవై ఏళ్ళ వయసులో వచ్చినవారు ఇప్పుడు తొంభై దాటారు. వారి మాటలు ధ్వనిముద్రికల మీద నిలిచి ఉన్నా, వెనెతో కొండ ఊరి పలుకును విని ‘ఫెన్‌జా’ ఎక్కడ ఇంగ్లీషో, దాని పక్కనున్న పదం ఎక్కడి మాండలికమో విడదీసి రాయగలవారు కూడా ఎక్కువగా ఆ తరానికి చెందినవారే.