ఎగిరింది కదా, ఇంకేం ఋజువు కావాలి?

ఒక తప్పు ఒప్పుకోవడంతో ఈ వ్యాసం మొదలుపెడతాను. ఆ తప్పు నాది.

2015 జనవరిలో ముంబయిలో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో ప్రాచీన భారతీయ విమానాల మీద ఒక పత్రం చదివారు. ఖండాంతరాలకీ, గ్రహాంతరాలకీ వెళ్ళే విమానాలు వేల ఏళ్ళ క్రితమే మనకున్నాయని అందులో చెప్పారు. దేశమంతా చర్చ జరిగింది. ఆ తర్వాత కొన్ని నెలలకి ఒక జిల్లా కేంద్రంలో మూఢనమ్మకాల మీద సభ పెడుతూ మిత్రులు నన్ను పిలిచారు. కాలేజీ రోజుల్లో నేను ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ క్యాడెట్‌ని. కంట్రోల్ లైన్ విమానాలు ఎగరేసేవాడిని. అందుకని నాకో ఆలోచన వచ్చింది. 'వైమానిక శాస్త్రం'లోని శకున విమానం బొమ్మ చూసి బాల్సా కర్రతో నమూనా చేసి, జనం ముందు ఎగరేయబోయి, అది ఎలా కూలిపోతుందో చూపించాలని.

తీరా చూస్తే అది ఎగిరింది!

రెండు చుట్లు శుభ్రంగా తిరిగి మూడో చుట్టులో ముక్కు నేలకి గుద్దుకుంది. అప్పటికే చప్పట్లు మోగిపోయాయి. వేదిక మీదున్న ఒక పెద్దమనిషి మైకు అందుకుని, "ఎగిరింది కదా, ఇంకేం ఋజువు కావాలి? హేతువాదులే స్వయంగా నిరూపించారు" అన్నాడు. నేను మైదానం మధ్యలో హ్యాండిల్ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఏం చెప్పాలో తోచలేదు.

కంట్రోల్ లైన్ అంటే తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. ఎగరేసేవాడు మధ్యలో నిలబడతాడు. అతని చేతిలోని హ్యాండిల్ నుంచి రెండు సన్నని ఉక్కు తీగెలు విమానం దాకా వెళతాయి. విమానం లోపల బెల్‌క్రాంక్ అనే చిన్న తిరుగుడు ముక్క ఉంటుంది. మణికట్టు పైకి వంచితే ఒక తీగె లాగుతుంది, బెల్‌క్రాంక్ తిరుగుతుంది, తోక మీది ఎలివేటర్ లేస్తుంది, విమానం పైకి వెళుతుంది. కిందికి వంచితే కిందికి. అంతే. అది పక్కకి ఒరగకుండా, దారి తప్పకుండా తీగెల బిగువే చూసుకుంటుంది. అంటే విమానానికి ఉండాల్సిన స్థిరత్వంలో సగం పైన తీగెలే ఇస్తాయి. తగిన ఇంజను పెడితే ఈ పద్ధతిలో ఎగరనిది దాదాపు ఉండదు. అమెరికాలో కుక్క గూటినీ, చీపురు మీద కూర్చున్న మంత్రగత్తెనీ కూడా ఎగరేశారు. అంతమాత్రాన మంత్రగత్తెలు ఉన్నట్టా?

ఈ మాట ఆ రోజు చెప్పగలిగి ఉంటే బాగుండేది. పైగా నేను ఇంకో పని చేశాను. దాని సంగతి చివర్లో చెబుతాను. అది తప్పని నాకు తెలిసింది అమెరికాలో, మా తమ్ముడి గ్యారేజీలో.

వాడికి అక్కడ క్యారియర్ పోటీల పిచ్చి. నేను రెండు నెలలు ఉండి రావడానికి వెళ్ళినప్పుడు వాడి బల్ల మీద స్టెర్లింగ్ కంపెనీ గార్డియన్ ఒకటి ఉంది. ఫిలడెల్ఫియాలోని స్టెర్లింగ్ మోడల్స్ అమ్మిన పాత కిట్ అది. ఎవరో ఎప్పుడో కట్టి, ఎగరేసి, అటక మీద పడేసినదాన్ని వీడు కొన్నాడు. అసలు గార్డియన్ గ్రమ్మన్ కంపెనీ చేసిన నౌకాదళ విమానం, జలాంతర్గాముల్ని వేటాడేది. ఒంటి పిస్టన్ ఇంజనుతో క్యారియర్ నౌకల మీద పనిచేసినవాటిలో బాగా పెద్దది.

క్యారియర్ పోటీ చూడముచ్చటైన ఆట. వృత్తం అంచున నౌక డెక్కులాంటి చెక్క వేదిక ఉంటుంది. దాని మీంచి విమానం లేవాలి. ఏడు చుట్లు ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా తిరగాలి. తర్వాత ఏడు చుట్లు ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా, ముక్కు పైకెత్తి ప్రొపెల్లర్‌కి వేలాడుతున్నట్టు తిరగాలి. థ్రాటిల్ కోసం ఇక్కడ మూడో తీగె ఉంటుంది. చివర్లో తోక కిందున్న కొక్కెం డెక్కు మీది అడ్డతాళ్ళకి తగులుకుని ఆగాలి. సరిగ్గా దిగితే 100 పాయింట్లు. ఈ అడ్డతాళ్ళ ఉపాయం 1911 జనవరి 18 నాటిది. శాన్ ఫ్రాన్సిస్కో ఖాతంలో పెన్సిల్వేనియా అనే యుద్ధనౌక మీద యూజీన్ ఈలీ మొదటిసారి విమానం దించినప్పుడు, తాళ్ళకి రెండు చివరలా ఇసుక బస్తాలు కట్టి ఆపారు. పాత కాలపు డిజైన్లకి నోస్టాల్జియా అని వేరే తరగతి ఉంది. మా వాడు ఆ గార్డియన్‌ని బాగుచేస్తున్నది దానికోసం.

ఇంజనులో ఆముదం గడ్డకట్టి పిస్టన్ కదలడం లేదు (ఈ ఇంజన్ల ఇంధనంలో ఆముదం కలుపుతారు, ఏళ్ళు గడిస్తే బంకలా పట్టేస్తుంది). దాన్ని వేడిచేసి వదిలించాం. రెక్క మీది కాగితం పెళుసెక్కి చేత్తో తాకితే పొడవుతోంది. కొత్త సిల్క్‌స్పాన్ అంటించి డోప్ పూశాం. ఇంజను బిగించే ప్లైవుడ్ పలక నూనె పీల్చి మెత్తబడింది. దాన్ని కోసి కొత్తది పెట్టాం. బెల్‌క్రాంక్ చీలింది. అదీ మార్చాం.

మార్చిన ప్రతిసారీ వాడు ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నాడు. తీసిందేమిటి, పెట్టిందేమిటి, బరువెంత తేడా. కొత్త ముక్క లోపలివైపు పెన్సిల్‌తో తేదీ వేస్తున్నాడు. తీసేసిన ముక్కల్ని కవర్లో దాస్తున్నాడు.

"ఎందుకురా ఇంత చాదస్తం? ఆడుకునే విమానమేగా" అన్నాను.

"అన్నయ్యా, రేపు ఇది ఇంకొకడి చేతికి వెళుతుంది. ఆ రోజుల్లో బెల్‌క్రాంకు ఇలాగే ఉండేదని వాడు నమ్మేస్తాడు. నేను పెట్టినదాన్ని చూసి 1950ల గురించి రాస్తాడు. లాంగ్లీ విమానం సంగతి తెలుసుగా?" అన్నాడు.

తెలుసుననుకున్నాను. చదివితే తెలియదని తెలిసింది.

శామ్యూల్ లాంగ్లీ స్మిత్సోనియన్ సంస్థ కార్యదర్శి. 1896 మే 6న పోటోమాక్ నది మీద మనిషి లేని ఆవిరి విమానాన్ని సుమారు ఒక కిలోమీటరు ఎగరేశాడు. టెలిఫోన్ గ్రాహం బెల్ అక్కడే ఉండి ఫోటో తీశాడు. ఆ విమానం ఇప్పటికీ ఉంది. దీని మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆయన మనిషి కోసం కట్టిన పెద్ద విమానం మీద. అమెరికా యుద్ధశాఖ 50,000 డాలర్లిచ్చింది. 1903 అక్టోబర్ 7న ఒకసారి, డిసెంబర్ 8న ఇంకోసారి పడవ మీంచి వదిలారు. రెండుసార్లూ నదిలో పడింది. తొమ్మిది రోజులకి రైట్ సోదరులు ఎగిరారు. లాంగ్లీ 1906లో చనిపోయాడు.

1914 జనవరిలో పేటెంట్ కేసులో రైట్‌ల చేతిలో గ్లెన్ కర్టిస్ ఓడిపోయాడు. రైట్‌ల కన్నా ముందే ఎగరగల విమానం ఒకటుందని చూపిస్తే ఆ పేటెంటు బలం తగ్గుతుంది. స్మిత్సోనియన్‌కి తమ కార్యదర్శి పరువు నిలబెట్టుకోవాలని ఉంది. ఇద్దరి అవసరాలూ కలిశాయి. పాత విమానాన్ని కర్టిస్‌కి ఇచ్చారు. ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని హామండ్స్‌పోర్ట్‌లో దాన్ని "బాగుచేసి" సరస్సు మీద పరీక్షించాడు. మే 28న అది నీటి మీంచి కొద్ది దూరం లేచింది. లాంగ్లీ విమానానికి ఎగిరే శక్తి మొదటినుంచీ ఉందని స్మిత్సోనియన్ ప్రకటించింది. తర్వాత మ్యూజియంలో పెట్టి, మనిషిని మోసుకుని ఎగరగల మొట్టమొదటి విమానం ఇదేనని చీటీ అంటించింది.

చెప్పని సంగతేమిటంటే, కర్టిస్ రెక్కల వంపు మార్చాడు. వాటిని పట్టి ఉంచే తీగెలూ దూలాలూ మార్చాడు, ప్రొపెల్లర్లు మార్చాడు, ఇంజనులో మార్పులు చేశాడు, కింద తేలే తెప్పలు కట్టాడు. 1903లో విరిగిపోయింది ఆ రెక్కల దగ్గరే అనుకుంటే, మార్చిందీ అక్కడే.

ఆర్విల్ రైట్ ఏళ్ళ తరబడి అడిగాడు. వినలేదు. 1928లో తన విమానాన్ని లండన్ సైన్స్ మ్యూజియానికి పంపేశాడు. 1942లో స్మిత్సోనియన్ కార్యదర్శి చార్లెస్ అబ్బాట్ 1903లో ఎలా ఉందో, 1914లో ఎలా ఉందో పక్కపక్కన పెట్టి, తేడాలన్నీ వరసగా అచ్చువేసి తప్పు ఒప్పుకున్నాడు. 28 ఏళ్ళు పట్టింది! 1948లో రైట్ విమానం స్వదేశానికి వచ్చింది, అప్పటికి ఆర్విల్ లేడు. వారసులతో కుదిరిన ఒప్పందంలో, ఇంకే విమానమైనా అంతకు ముందు ఎగిరిందని స్మిత్సోనియన్ అంటే దీన్ని వెనక్కి తీసుకోవచ్చని ఒక షరతు ఉంది. ఇది కూడా నాకు రుచించలేదు. ఎవరు ముందన్నది షరతులతో తేలే విషయం కాదు. కానీ అబద్ధం ఆడిన సంస్థని ఆ కుటుంబం నమ్మలేకపోవడం అర్థమవుతుంది.

మా వాడి ఆటకీ ఇలాంటి కథే ఒకటుంది, కాకపోతే అది సవ్యంగా ముగిసింది. రెండు తీగెల పద్ధతికి జిమ్ వాకర్ 1942లో పేటెంటు తీసుకున్నాడు. ఒకేసారి మూడు విమానాలు, రెండు చేతులతో రెండూ తలకి కట్టుకుని ఒకటీ, ఎగరేసిన ఘనుడాయన. 1940 నుంచీ ఆయన ఫైర్‌బాల్ కిట్టే ఈ ఆటని ఇంటింటికీ చేర్చింది. లెరాయ్ కాక్స్ అనే తయారీదారు మీద దావా వేశాడు. 1955లో ఓడిపోయాడు. ఒరెగాన్‌లోనే ఓబా సెయింట్ క్లెయిర్ అనే ఆయన 1930లలోనే తీగెలతో విమానం నడిపిన సంగతి కోర్టు ముందుకు వచ్చింది. పేరున్నవాడు వాకర్, పేరు లేనివాడు సెయింట్ క్లెయిర్. అయినా సాక్ష్యం చూశారు.

ఇప్పుడు మన చౌపాటీకి వద్దాం. 1895లో శివకర్ బాపూజీ తల్పడే బొంబాయి చౌపాటీలో మనిషి లేని విమానాన్ని 1500 అడుగులు ఎగరేశాడంటారు. లాంగ్లీకి ఏడాది ముందు. లాంగ్లీకి ఫోటో ఉంది, ప్రత్యక్షసాక్షి రాసిన ఉత్తరం ఉంది, విమానమే ఉంది. తల్పడే విమానం ముక్క ఒక్కటీ లేదు. 'వైమానిక శాస్త్రం' విషయానికొస్తే, 1918-23 మధ్య సుబ్బరాయ శాస్త్రి అనే ఆయన చెబుతుంటే రాసుకున్నది. బొమ్మలు బెంగుళూరులో ఒక డ్రాఫ్ట్స్‌మన్ చేత గీయించినవి. బెంగుళూరు ఇండియన్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి చెందిన ముకుంద, మరో నలుగురు 1974లోనే దాన్ని పరిశీలించి, 1904కి ముందుది కాదనీ, అందులోని విమానాలు ఎగిరేవి కావనీ రాశారు. వాళ్ళు నమూనా చేసి ఎగరేయలేదు. లెక్క వేశారు. నేను కూడా ఆ పనే చెయ్యాల్సింది.

ఇప్పుడు నా సంగతి. ఇండియా తిరిగొచ్చాక పాత డబ్బాలోంచి ఆ శకున విమానం శకలాలు తీసి, తమ్ముడిలాగే జాబితా రాశాను. రెక్కలు ఆడాలని పుస్తకంలో ఉంది, నేను కదలకుండా అతికించాను. అందులో చెప్పిన యంత్రాలన్నీ వదిలేసి ముక్కుకి 2.5 సి.సి. డీజిల్ ఇంజను బిగించాను. రెక్కల మధ్యభాగాన్ని మామూలు విమానం రెక్కలా వంచాను, అలవాటు కొద్దీ. తోకకి ఎలివేటర్ పెట్టాను. బరువు వెనక్కి పోతోందని ముక్కులో 60 గ్రాముల సీసం వేశాను. ఎందుకు వేశానని ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. కూలిపోవాలనుకున్నదాన్ని చేతులు తమకు తెలియకుండానే ఎగిరేలా చేశాయి. దురుద్దేశం తప్ప, కర్టిస్ చేసినవన్నీ నేనూ చేశాను. అతనిలాగే ఒక్కటీ చెప్పలేదు.

ఆ జాబితాని సభ నిర్వాహకులకి పంపాను. రెండోసారి సభ పెట్టినప్పుడు ఆ శకలాల్నీ జాబితానీ బల్ల మీద పెట్టి ఒక్కొక్కటే చదివాను. ఈసారి చప్పట్లు లేవు. వెనక బెంచీలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి లేచి, "అంకుల్, సీసం లేకుండా ఇంకోసారి చెయ్యొచ్చు కదా?" అంది. ఆ నమూనా ఇప్పుడు సగంలో ఉంది. నోటు పుస్తకం ఆ అమ్మాయి దగ్గరుంది.