కుట్లు పడ్డ తల, కోచ్ ఎత్తు

గెలిస్తే ఆటగాళ్ల గొప్ప, ఓడితే కోచ్ తప్పు. జనగామ టీకొట్టు దగ్గరైనా, మహబూబాబాద్, భూపాలపల్లి మైదానాల గట్టునైనా వినబడే వాదనే ఇది. ఫుట్‌బాల్‌లో దీనికి జవాబు మన హైదరాబాద్‌లోనే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. మంచి ఆటగాళ్లు దొరికారు కాబట్టేనంటారా? కొంత నిజమే. కానీ 1962 జకార్తా ఆసియా క్రీడల్లో రహీం శిక్షణలోని భారత జట్టును చూడండి. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలింది. కుట్లు పడ్డ ఆ మనిషిని రహీం ఫార్వర్డ్‌గా దించారు. (ఇవాళ్టి డాక్టర్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.) సెమీస్‌లో ఒకటి, ఫైనల్లో ఒకటి గోల్ కొట్టాడతను. ఆ ఎత్తు ఆటగాడిది కాదు, కోచ్‌ది. దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం వచ్చింది. క్యాన్సర్‌తో రహీం 1963 జూన్‌లో చనిపోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు.