పైలట్ గుండెకు పరీక్ష: ఎలా వచ్చింది, ఎంతవరకు పట్టుకుంటుంది



మన అరుప్పుకోట్టై నుంచి మధురై పోయే దారిలో, పెరుంగుడి దగ్గర ఏరోడ్రోమ్ ఉంది. బస్సు కిటికీలోంచి విమానం కోసం తొంగి చూడనివాళ్ళు మనలో తక్కువ. ఇప్పుడు పిల్లకాయలు దాన్ని నడుపుతామంటున్నారు. పైలట్ చదువంటే పొలం తాకట్టు పెట్టాల్సినంత డబ్బు. ఆ ఫీజుకు ముందే దాటాల్సిన గడప ఒకటుంది, అది గుండె పరీక్ష. దాని కథ రాస్తాను, పొడుగైతే మన్నించండి.

హాలండ్‌లోని లైడెన్ ఊళ్ళో ఐంతోవెన్ అనే ఆచార్యుడు 1900ల మొదట్లో ఈసీజీ యంత్రం చేశాడు. అప్పట్లో రోగి చేతులు, కాలు ఉప్పునీళ్ళ జాడీల్లో ముంచి కూర్చోవాలి! 1924లో ఆయనకు నోబెల్ వచ్చింది. తర్వాత ఆ గీతల కాగితమే పైలట్ మెడికల్‌లోకి చేరింది. అంతర్జాతీయ నియమం ప్రకారం క్లాస్ 1 సర్టిఫికెట్ మొదటిసారి ఇచ్చేటప్పుడు ఈసీజీ తప్పనిసరి. 30 నుంచి 50 ఏళ్ళ మధ్య రెండేళ్ళకొకసారి తీయమని సిఫార్సు. 50 దాటితే ఏటా తీయాల్సిందే.

కాగితం సరిగ్గా ఉంటే గుండె సరిగ్గా ఉన్నట్టేనా? 1972 జూన్ 18న దీనికి జవాబు దొరికింది. లండన్ హీత్రో నుంచి బ్రస్సెల్స్‌కు బయలుదేరిన ట్రైడెంట్ విమానం మూడు నిమిషాలైనా ఎగరకుండా స్టెయిన్స్ ఊరి దగ్గర పడిపోయింది. 118 మందిలో ఒక్కరూ మిగల్లేదు. కెప్టెన్ స్టాన్లీ కీకి 51 ఏళ్ళు. ఆ రోజు బయలుదేరే ముందు సమ్మె విషయమై తోటి పైలట్‌తో గట్టిగా గొడవపడ్డాడు. శవపరీక్షలో ఆయన గుండె రక్తనాళాలు బాగా పూడి ఉన్నట్టు, ఒక నాళం గోడ అప్పుడే చిరిగినట్టు తేలింది. రెక్కల ముందు భాగాన్ని వేగం చాలకముందే ముడిచారు, విమానం నిలవలేకపోయింది. ఆయన గుండె జబ్బు వల్ల ఏకాగ్రత, విచక్షణ దెబ్బతిన్నాయని విచారణ సంఘం తేల్చింది. అంతకుముందు మెడికల్స్ అన్నీ ఆయన పాసైనవే.

కారణం తెలుసుకుంటే భయం తగ్గుతుంది. ఊరికే పడుకున్న గుండెకు సన్నబడిన నాళంలో వచ్చే రక్తమైనా చాలుతుంది, అందుకే ఈసీజీలో ఏమీ కనపడకపోవచ్చు. మెట్లెక్కితేనో, కోపం వస్తేనో చాలదు. ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసే పరీక్ష అందుకే. అమెరికా డాక్టర్ రాబర్ట్ బ్రూస్ దానికి 1963లో ఒక పద్ధతి కట్టాడు, ఇప్పటికీ ఆస్పత్రుల్లో ఆయన పేరుతోనే నడుస్తోంది. అదీ బ్రహ్మాస్త్రం కాదు. సన్నబడని నాళంలో ఉన్న కొవ్వు కూడా ఒక్కసారిగా చిట్లగలదు. ఇంకోవైపు, ఏ జబ్బూ లేని ముప్ఫై ఏళ్ళ పిల్లవాడికి తప్పుగా ‘పాజిటివ్’ వస్తే యాంజియోగ్రాం దాకా తిరగాలి, అన్నాళ్ళూ ఇంట్లో కూర్చోవాలి. అందరికీ అన్ని పరీక్షలూ చేయండి అనేవాళ్ళు ఈ రెండో నష్టాన్ని లెక్కపెట్టరని నా అభిప్రాయం.

అందుకే బ్రిటన్ గుండె వైద్యులు 1980లలో ‘ఒక శాతం లెక్క’ తెచ్చారు. ఏడాదిలో పైలట్ హఠాత్తుగా కుప్పకూలే అవకాశం నూటికి ఒకటి అనుకోండి. ఏడాదికి దాదాపు పదివేల గంటలు, అంటే గంటకు పది లక్షల్లో ఒకటి. ప్రమాదకరమైన సమయం ఎక్కడం, దిగడం మాత్రమే, ప్రయాణంలో పదోవంతు. పక్కనున్న పైలట్ అందుకోలేకపోవడం నూటికి ఒకసారి. అన్నీ గుణిస్తే వంద కోట్లలో ఒకటి. ఒంటరిగా నడిపేవాడికి ఈ లెక్క పనికిరాదు, చూసుకోండి.

2023 ఆగస్టు 17న నాగపూర్‌లో ఇండిగో కెప్టెన్ ఒకాయన పుణె విమానం నడపడానికి వచ్చి, బోర్డింగ్ గేటు దగ్గరే కుప్పకూలి చనిపోయారు. వయసు 40. డ్యూటీకి వచ్చారంటే మెడికల్ చేతిలో ఉన్నట్టే కదా.

మన పక్కన బెంగళూరులో వైమానిక దళం వారి ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ 1957 నుంచి ఉంది, గగన్‌యాన్‌కు ఎంపిక పరీక్షలు జరిగిందీ అక్కడే. పిల్లల్ని ఈ చదువులో చేర్చేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. శిక్షణ మొదలుపెట్టడానికి క్లాస్ 2 చాలు, కమర్షియల్ లైసెన్సుకు మాత్రం క్లాస్ 1 కావాలి. క్లాస్ 2 వచ్చిందని పెద్ద ఫీజు కట్టేయకుండా, ముందు క్లాస్ 1 చేయించండి. ఇంట్లో తాతకో నాయనకో చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే డాక్టరుకు చెప్పండి.