పాత కారులో బీప్ శబ్దాలు, బయట బిగించిన అలారంలు: కారణాలు, సరిచేసుకునే పద్ధతులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు చిన్న రైతుల ఇళ్ల ముందు కూడా పాత కార్లు కనిపిస్తున్నాయి. ఎక్కువగా సెకండ్ హ్యాండులో కొన్న మారుతి 800, ఆల్టో, ఓమ్ని, బొలెరో వంటివి. తెల్లవారుజామున కూరగాయలు రైతు బజారుకు, తర్వాత ఎరువు బస్తాలు పొలానికి, అవసరం పడితే అర్ధరాత్రి ఆసుపత్రికి, అన్నిటికీ అదే బండి. పంటల సంగతి మాట్లాడుకున్నాక రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, బండి ఊరికే కూస్తోంది, ఆ వైరు పీకేయమంటారా?"

పీకేయవద్దు. మోటారు మాటిమాటికీ ఆగిపోతోందని సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ తీసేసి డైరెక్ట్ ఇచ్చిన వాళ్లలో ఎంతమందికి కాయిల్ కాలిందో మన రైతులకు తెలుసు. కారు బీప్ కూడా అలాంటిదే. అయితే పాత కారులో ఒక చిక్కు ఉంది. గట్టిగా అరిచేవాటిలో చాలావరకు ప్రమాదం లేనివి. నిజంగా ఇంజను పోగొట్టేవి, బ్రేకు ఫెయిలయ్యేవి శబ్దం చేయకుండా ఒక చిన్న ఎర్ర దీపంతో సరిపెడతాయి. అందుకే రెండింటినీ విడివిడిగా తెలుసుకోవాలి.

శబ్దం ఎక్కడిది, ఎప్పుడు వస్తోంది?

మెకానిక్ దగ్గరకు వెళ్లేముందు ఇంట్లోనే ఈ రెండు సంగతులు తేల్చుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది. స్పీడు మీటరు వెనుక నుంచి వచ్చే సన్నని బీప్ సాధారణంగా కంపెనీ ఇచ్చినది. స్టీరింగ్ కింద, కాళ్ల దగ్గర నుంచి వస్తే బయట బిగించిన సెంట్రల్ లాక్ లేదా అలారం డబ్బాది అయి ఉంటుంది. బానెట్ లోపలి నుంచి అంబులెన్సులా రాగాలు మారుస్తూ కూస్తే అది అలారం సైరన్. వెనుక నుంచి వస్తే రివర్స్ సెన్సార్.

తాళం తీసి తలుపు తెరవగానే వస్తోందా, తాళం ఆన్ చేయగానే వస్తోందా, బండి నడుస్తున్నప్పుడా, బండి నిలిపి ఉంచిన రాత్రి వేళా? ఇది ఒక కాగితం మీద రాసుకోండి. "అప్పుడప్పుడూ వస్తోంది" అని చెబితే ఎంత మంచి ఎలక్ట్రీషియన్ అయినా ఊహించి పని చేయవలసిందే.

కంపెనీ ఇచ్చిన బీప్‌లు

తలుపు తెరిచినప్పుడు వచ్చే బీప్‌కు సాధారణ కారణాలు రెండే: లైట్లు ఆర్పకపోవడం, తాళం చెవి అలాగే వదిలేయడం. రెండూ సరిగా ఉన్నా కూస్తుంటే తలుపు అంచున ఉండే చిన్న పిన్ను స్విచ్ చూడండి. దాని రబ్బరు తొడుగు చిరిగి, లోపల తుప్పు పడితే తలుపు మూసినా తెరిచి ఉన్నట్టే బండి అనుకుంటుంది. లోపలి దీపం ఆరకపోవడం దీనికి గుర్తు. స్విచ్ విప్పి శుభ్రం చేసి బిగిస్తే చాలు. కొత్తది వేసినా పెద్ద ఖర్చు కాదు.

2019 జూలై 1 నుంచి దేశంలో తయారయ్యే కార్లన్నిటికీ సీటు బెల్టు హెచ్చరిక, వేగం హెచ్చరిక, రివర్స్ సెన్సార్లు తప్పనిసరి అయ్యాయి. ఈ కార్లలో గంటకు 80 కిలోమీటర్లు దాటితే మధ్యమధ్యలో బీప్ వస్తుంది, 120 దాటితే ఆగకుండా వస్తుంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద భోగాపురం నుంచి ఇచ్ఛాపురం వైపు వెళ్లేటప్పుడు ఇది వినిపిస్తే బండిలో లోపం అనుకోనక్కరలేదు, కాలు కొద్దిగా తీస్తే సరిపోతుంది.

ముందు సీట్లో ఎవరూ లేకపోయినా బెల్టు బీప్ వస్తోందని కొందరు అంటారు. ఆ సీటు మీద వంకాయల బస్తానో, పిండి మూటో పెట్టి ఉంటారు. సీటు కింద ఉండే సెన్సారుకు బరువే తెలుస్తుంది గాని మనిషో మూటో తెలియదు. బరువు వెనుకకు మార్చండి. శబ్దం ఆపడానికి బెల్టు బదులు గుచ్చే క్లిప్పులు కొనవద్దు. వాటిని అమ్మవద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023లో ఆన్‌లైన్ అమ్మకందార్లను ఆదేశించింది. బెల్టు లేకుండా నడిపితే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. ఎయిర్ బ్యాగ్ ఉన్న బండిలో బెల్టు లేకపోతే ఆ బ్యాగే దెబ్బ కొట్టవచ్చు.

గ్యాస్ కిట్ ఉన్న ఓమ్ని వంటి బండ్లలో డ్యాష్ బోర్డు మీద ఉండే పెట్రోల్–గ్యాస్ స్విచ్ కూడా కూస్తుంది. చాలా కిట్లలో దాని అర్థం గ్యాస్ అయిపోయి బండి పెట్రోలుకు మారిందని. గ్యాస్ వాసన కూడా వస్తే మాత్రం వేరే సంగతి. బండి ఆపి, సిలిండర్ వాల్వు కట్టి, తలుపులు తెరిచి, ఏ స్విచ్చూ ముట్టుకోకుండా దూరంగా నిలబడాలి.

శబ్దం చేయని ఎర్ర దీపాలు

నూనె డబ్బా గుర్తు ఉన్న ఎర్ర దీపం ఇంజన్ ఆయిల్ ఒత్తిడిది. నడుస్తుండగా ఇది వెలిగితే ఊరు దగ్గరే కదా అని ఒక్క కిలోమీటరు కూడా నడపవద్దు. పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపండి. పది నిమిషాలు ఆగి గేజి కడ్డీ తీసి చూసి, తక్కువగా ఉంటే ఆయిల్ పోయండి. పోశాక స్టార్ట్ చేసినా దీపం ఆరకపోతే మళ్లీ ఆపి, బండిని కట్టి లాక్కెళ్లడమే మేలు. ఆయిల్ లేక పట్టేసిన ఇంజను బాగుచేయించే ఖర్చు ఒక్కోసారి ఆ పాత బండి ధరకు దగ్గరగా వస్తుంది. ఒక పంట కాలం ఆదాయం అందులో పోతుంది.

బ్రేకు దీపం విషయంలో మోసపోయేవారు ఎక్కువ. చాలా కార్లలో హ్యాండ్ బ్రేకుకు, బ్రేక్ ఆయిల్ తగ్గినప్పుడు వెలగడానికి ఒకటే దీపం ఉంటుంది. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించినా వెలుగుతుంటే బానెట్ తెరిచి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడాలి. మలుపుల్లో, ఎత్తుపల్లాల్లో మినుకు మినుకుమన్నా ఆయిల్ అంచుకు దిగిందనే అర్థం. ఊరికే నింపేసి మరచిపోకూడదు. ఆయిల్ తగ్గడానికి కారణం ప్యాడ్లు అరగడమో, ఎక్కడో కారడమో అయి ఉంటుంది. నాలుగు చక్రాల లోపలి వైపు తడి ఉందేమో చూడండి. మూత మీద రాసిన రకమే పోయాలి, ఇంజన్ ఆయిల్ మాత్రం పొరపాటున కూడా పోయకూడదు. సాలూరు వైపు ఘాట్ రోడ్డు ఎక్కేవారు ఈ దీపంతో బయలుదేరవద్దు. బ్రేకు వేసినప్పుడు చక్రం దగ్గర ఇనుము రాసుకున్నట్టు సన్నని కీచు శబ్దం వస్తే అది కూడా హెచ్చరికే. ప్యాడ్లు అరిగాయని తెలపడానికి చాలా ప్యాడ్లకు చిన్న రేకు పెడతారు, దాని చప్పుడు అది.

బ్యాటరీ గుర్తు దీపం వెలిగితే చార్జింగు లేనట్టు. బెల్టు తెగిందేమో చూడండి. చాలా పాత ఇంజన్లలో అదే బెల్టు నీళ్ల పంపునూ తిప్పుతుంది కాబట్టి అలాగే నడిపితే ఇంజను వేడెక్కిపోతుంది. వేడి ముల్లు ఎర్ర గీతకు చేరితే ఆపి, కనీసం అరగంట ఆగిన తర్వాతే రేడియేటర్ మూత ముట్టుకోవాలి.

బయట బిగించిన అలారం

అసలు తలనొప్పి ఎక్కువగా ఇక్కడే. పాత యజమాని ఎప్పుడో బిగించిన సెంట్రల్ లాక్, అలారం కిట్టు కాగితాలు లేకుండా మన చేతికి వస్తాయి. రాత్రి రెండు గంటలకు కూస్తే వీధంతా లేస్తుంది. నాలుగు రోజులు అలా కూశాక ఐదో రోజు నిజంగా దొంగ వచ్చినా ఎవరూ తలుపు తీయరు.

రాత్రి పూట ఊరికే కూయడానికి నేను చూసినంతలో మూడు కారణాలు ఎక్కువ. ఒకటి బలహీనమైన బ్యాటరీ. వోల్టేజి పడిపోతే అలారం డబ్బా తికమకపడి సైరన్ ఇస్తుంది. రెండు, తలుపు లేదా బానెట్ పిన్ను స్విచ్ తుప్పు. మూడు, కుదుపు సెన్సార్ మరీ సున్నితంగా ఉండటం. రోడ్డు పక్క ఇళ్లకు లారీ వెళ్లినా చాలు, ఉద్దానంలో అయితే పక్కన కొబ్బరి మట్ట పడినా చాలు. ఆ సెన్సార్ డ్యాష్ బోర్డు కింద చిన్న డబ్బాగా ఉంటుంది. దాని మీది స్క్రూను తక్కువ వైపుకు కొద్దికొద్దిగా తిప్పి, అద్దాన్ని అరచేత్తో తట్టి పరీక్షించండి. గట్టిగా తడితేనే కూయాలి. (కొబ్బరి చెట్టు కింద కారు పెట్టకపోవడం అన్నిటికంటే సులువు.)

రిమోట్ పనిచేయకపోతే ముందు దానిలోని చిన్న బ్యాటరీ మార్చండి. విప్పినప్పుడు మీద ఉన్న నంబరు చూసి అదే తెచ్చుకోవాలి. చాలా కిట్లకు స్టీరింగ్ కింద ఒక చిన్న దాపుడు బటన్ ఉంటుంది. తాళం ఆన్ చేసి దాన్ని నొక్కితే అలారం నిలిచిపోతుంది. బండి కొనేటప్పుడే ఆ బటన్ ఎక్కడుందో పాత యజమానిని అడగాలి. సైరన్ ఆగకపోతే బ్యాటరీ తీగ పీకి లాభం ఉండకపోవచ్చు. కొన్ని సైరన్లకు లోపల సొంత బ్యాటరీ ఉంటుంది, తీగ పీకితే ఇంకా ఎక్కువ కూస్తాయి. వాటిని సైరన్ మీది చిన్న తాళంతో ఆపాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంజన్ కట్టింగ్. దొంగ స్టార్ట్ చేయకుండా కొన్ని అలారంలు ఒక రిలే ద్వారా కరెంటు ఆపుతాయి. ఆ రిలేను ఇగ్నిషన్ లేదా పెట్రోల్ పంపు వైరుకు కలిపి ఉంటే, ఎప్పుడో చుట్టిన టేపు వదులై జాయింటు ఊడితే నడుస్తున్న ఇంజను ఆగిపోతుంది. వెనుక లారీ వస్తుండగా హైవే మీద ఇలా జరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. బండి కుదుపులకు ఆగి, కొద్దిసేపటికి దానంతట అదే స్టార్ట్ అవుతుంటే ముందుగా ఈ జాయింట్లనే అనుమానించాలి. కట్టింగ్ కావాలనుకుంటే స్టార్టర్ వైరుకు మాత్రమే పెట్టించుకోండి. అప్పుడు రిలే చెడిపోయినా బండి స్టార్ట్ కాదు గాని దారిలో ఆగదు. హైవే మీద బండి ఆగిపోతే 1033కు ఫోన్ చేయవచ్చు.

బ్యాటరీ ఎవరు తాగుతున్నారు?

మోటారు మెకానిక్ దగ్గర ఉండే మల్టీమీటర్ చాలు. రాత్రంతా నిలిపిన బండికి 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే తక్కువైతే ఖాళీ. ఇంజను నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి.

నిలిపిన బండిలో కరెంటు కారిపోతోందేమో చూడాలంటే నెగెటివ్ తీగ విప్పి, మీటరును 10 ఆంపియర్ల మీద పెట్టి, తీగకూ బ్యాటరీకీ మధ్య కలపాలి. ఈ సమయంలో తాళం తిప్పకూడదు, మీటరు ఫ్యూజు పోతుంది. తలుపులు మూసి కొంతసేపు ఆగితే 0.05 ఆంపియర్ల లోపు చూపాలి. 0.2 చూపిందనుకోండి, రోజుకు 4.8 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు. 35 ఆంపియర్ అవర్ల చిన్న కారు బ్యాటరీ నాలుగు రోజుల్లోనే సగానికి దిగుతుంది. నాట్ల రోజుల్లో వారం పాటు బండి కదల్చని ఇంట్లో బ్యాటరీ చచ్చిపోయేది ఇందుకే. ఇప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటి తీస్తూ పోతే ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో దోషం అక్కడే. అలారం ఫ్యూజు కంపెనీ పెట్టెలో ఉండదు, దాని వైరు మీదే వేలాడుతుంటుంది. ఫైనాన్సు వారు పెట్టిన పాత జీపీఎస్ పరికరాలు కూడా ఇలా దొరుకుతుంటాయి.

మన ప్రాంతపు శత్రువులు

వరి కోతలయ్యాక కుప్పలు, గడ్డి వాముల పక్కన బండి పెట్టే అలవాటు మనకు ఉంది. పొలం ఖాళీ అవగానే ఎలుకలు వాముల్లోకి, అక్కడి నుంచి బానెట్ లోకి చేరతాయి. వైర్లు కొరికితే అర్థం లేని బీప్‌లు, దీపాలు మొదలవుతాయి. బండిని వాముకు దూరంగా పెట్టండి, వారానికోసారి బానెట్ తెరిచి గడ్డి పోచలు, రెట్టలు ఉన్నాయేమో చూడండి. పొలంలో వాడే జింక్ ఫాస్ఫైడ్ ఎరను బండిలో, ఇంటి ముందు పెట్టవద్దు. పిల్లలు, కోళ్లు, కుక్కలు తిరిగే చోటు అది.

సోంపేట, కవిటి, పూసపాటిరేగ వంటి తీర మండలాల్లో ఉప్పు గాలికి కనెక్టర్లు పచ్చగా చిలుమెక్కుతాయి. వానాకాలానికి ముందు బ్యాటరీ టెర్మినళ్లు గీకి, పల్చగా వేజిలిన్ రాయండి. 2014 హుద్ హుద్, 2018 తిత్లీ వంటి తుపానుల్లో నీట మునిగిన బండిని ఆత్రంగా స్టార్ట్ చేయకూడదు. నెగెటివ్ తీగ విప్పి మెకానిక్‌కు చూపించాకే తాళం తిప్పాలి. ఇంజనులో నీరుంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి.

రివర్స్ సెన్సార్ ఆగకుండా కూస్తే ముందుగా బంపరు మీది గుండ్రని బిళ్లలను తడి గుడ్డతో తుడవండి. బురద, పేడ, గడ్డి పోచ అంటుకున్నా అడ్డం ఉన్నట్టే చెబుతుంది. రాగాల రివర్స్ హారన్లు మోటారు వాహనాల నిబంధనలకు విరుద్ధం, తీయించేయండి.

పాత బండి కొనేటప్పుడు

తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా మీటరు చూడండి. ఆయిల్, బ్యాటరీ దీపాలు వెలగాలి. హ్యాండ్ బ్రేకు లాగితే బ్రేకు దీపం, ఎయిర్ బ్యాగ్ ఉన్న బండి అయితే దాని దీపం కూడా వెలగాలి. స్టార్ట్ అయ్యాక ఆరాలి, హ్యాండ్ బ్రేకు దించితే ఆ దీపమూ ఆరాలి. ఆన్ చేసినప్పుడు ఏదైనా వెలగకపోతే బల్బు పోయిందని అమ్మేవారు చెబుతారు. దోషం కనపడకుండా బల్బు తీసేసి ఉండవచ్చు కూడా. బల్బు వేయించి చూపించమనండి, ఆ తర్వాతే బేరం మాట్లాడండి.

అక్కరలేని అలారం తీయించాలనుకుంటే సైరన్ ఒక్కటే కోయించవద్దు. డబ్బా, రిలే, కుదుపు సెన్సార్ అన్నీ విప్పించి, కోసిన కంపెనీ వైర్లను తిరిగి కలిపించి, జాయింట్లు సోల్డరింగ్ చేయించి స్లీవు వేయించండి. ఏ రంగు వైరు దేనికి కలిపారో ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.