కంపెనీ విభజన: పథకం నుంచి ఉత్తర్వు దాకా చట్టం నిర్దేశించే మార్గం

శ్రీ విజయపురం నగరంలోని డెలానీపూర్‌లో రిజిస్టర్డ్ కార్యాలయం ఉన్న ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రెండుగా విడిపోదలిస్తే, దాని దస్త్రం సముద్రం దాటి 1,255 కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతాకు చేరవలసి ఉంటుంది. 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్‌గా వ్యవహరించిన ఈ నగరంలో కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచ్ ఉన్నమాట నిజమే. అయితే కంపెనీల విలీనాలు, విభజనలకు ఆమోదం తెలిపే అధికారం 2016 డిసెంబరు 15 నుంచి హైకోర్టుల చేతిలో లేదు. అది జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్‌కు (ఎన్‌సీఎల్‌టీ) సంక్రమించింది. అండమాన్ నికోబార్ దీవులు ఆ ట్రైబ్యునల్ కోల్‌కతా బెంచ్ పరిధిలోకి వస్తాయి. ద్వీపాల జనాభాలో సుమారు ఎనిమిదో వంతు ఉన్న తెలుగువారికీ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని చిన్న వాటాదారులకూ ఈ ప్రక్రియ తెలిసి ఉండటం అవసరం. ఇందులో మాట్లాడే అవకాశం పరిమితమైన రోజుల పాటే ఉంటుంది.

ముందుగా పదం గురించి. ‘విభజన’ అనగానే తెలుగువారికి ఉమ్మడి కుటుంబ ఆస్తి పంపకం స్ఫురిస్తుంది. ఆ పోలిక ఇక్కడ కొంత దూరమే నడుస్తుంది. కుటుంబ పంపకంలో పొలమో ఇల్లో నేరుగా అన్నదమ్ముల పేరు మీదికి వస్తుంది. కంపెనీ విభజనలో ఆస్తి వాటాదారుల చేతికి రాదు. ఒక వ్యాపార విభాగం, దాని ఆస్తులు, అప్పులతో సహా మరో కంపెనీకి బదిలీ అవుతుంది. అందుకు ప్రతిగా ఆ రెండో కంపెనీ, మొదటి కంపెనీ వాటాదారులకు తన షేర్లను జారీ చేస్తుంది. వాణిజ్య వార్తల్లో ‘డీమెర్జర్’ అనేది దీనినే.

ఆశ్చర్యకరంగా, ఈ మాటకు నిర్వచనం 2013 నాటి కంపెనీల చట్టంలో కాక ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. 1961 నాటి ఆ చట్టంలో 1999లో దీనిని చేర్చారు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టమూ ఆ భావనను కొనసాగించింది. విభాగానికి చెందిన ఆస్తులు, అప్పులు అన్నీ కలిసి నడుస్తున్న వ్యాపారంగా బదిలీ కావాలి. విలువలో కనీసం మూడొంతుల షేర్లు కలిగినవారు కొత్త కంపెనీలోనూ వాటాదారులు కావాలి. నిర్వచనంలోని ఇటువంటి షరతులు నెరవేరితేనే పన్ను మినహాయింపులు వర్తిస్తాయి. ఇక ప్రక్రియను నిర్దేశించేవి కంపెనీల చట్టంలోని 230 నుంచి 232 వరకు గల సెక్షన్లు.

ఓటు, లెక్క

డైరెక్టర్ల బోర్డు పథకాన్ని ఆమోదించిన తర్వాత కంపెనీ ట్రైబ్యునల్‌కు దరఖాస్తు చేస్తుంది. లిస్టెడ్ కంపెనీ అయితే అంతకు ముందే స్టాక్ ఎక్స్ఛేంజీల అభిప్రాయం పొందాలి. ట్రైబ్యునల్ ఆదేశంపై వాటాదారులు, రుణదాతల సమావేశాలు జరుగుతాయి. విలువలో 90 శాతం రుణదాతలు ముందే అఫిడవిట్ రూపంలో సమ్మతి తెలిపితే వారి సమావేశానికి మినహాయింపు ఇవ్వవచ్చు. నోటీసుతో పాటు పథకం వివరాలు, మదింపు నివేదిక, ప్రమోటర్లు కానివారిపై, రుణదాతలపై పడే ప్రభావం తెలిపే వివరణ పంపాలి. చాలామంది పక్కన పడేసే ఆ కాగితాల కట్టలో అసలు విషయమంతా ఈ వివరణలోనే ఉంటుంది.

పథకం నెగ్గాలంటే రెండు కొలతలు దాటాలి. ఓటు వేసినవారి సంఖ్యలో అధికులు ఒప్పుకోవాలి, అలా ఒప్పుకున్నవారి వాటా విలువలో నాలుగింట మూడు వంతులు ఉండాలి. ఉదాహరణకు ఐదుగురు సభ్యులున్న ఒక కుటుంబ కంపెనీలో పెద్దన్నకు 80 శాతం, మిగిలిన నలుగురికి ఐదేసి శాతం వాటా ఉందనుకుందాం. ఐదుగురూ ఓటు వేసి, ముగ్గురు చిన్న వాటాదారులు వ్యతిరేకిస్తే, విలువలో 85 శాతం మద్దతు ఉన్నా పథకం వీగిపోతుంది. అదే ముగ్గురూ సమావేశానికి వెళ్లక, ప్రాక్సీనీ పంపక, పోస్టల్ బ్యాలట్‌నూ వాడుకోకపోతే, మిగిలిన ఇద్దరి ఓట్లతో అది నెగ్గుతుంది. గైర్హాజరును చట్టం వ్యతిరేకతగా పరిగణించదు.

ఓటు వేరు, అభ్యంతరం వేరు. పథకంపై అభ్యంతరం లేవనెత్తే హక్కు కనీసం 10 శాతం వాటా గల వాటాదారులకు, లేదా మొత్తం బకాయిల్లో కనీసం 5 శాతం తమకు రావలసి ఉన్న రుణదాతలకు మాత్రమే ఉంది. సరుకు అరువిచ్చిన చిన్న సరఫరాదారు ఈ గీతకు చేరుకోవడం అరుదు. కంపెనీల రిజిస్ట్రార్, ఆదాయపు పన్ను శాఖ వంటి సంస్థలకూ నోటీసు వెళుతుంది. అవి 30 రోజుల్లో స్పందించకపోతే అభ్యంతరం లేదనే భావిస్తారు.

ట్రైబ్యునల్ చివరికి ఏం చూస్తుంది? మఫత్‌లాల్ ఇండస్ట్రీస్ కేసులో 1996లో సుప్రీంకోర్టు గీసిన హద్దు నేటికీ మార్గదర్శకం. ప్రక్రియ సక్రమంగా జరిగిందా, పథకం చట్టానికి, ప్రజా ప్రయోజనానికి విరుద్ధంగా ఉందా, వాటాదారుల్లో ఏ వర్గానికైనా అన్యాయం చేస్తోందా అన్నవి పరిశీలిస్తారు. వ్యాపారపరంగా అది తెలివైన నిర్ణయమా కాదా అన్నదానిపై అప్పీలు వినరు. అందువల్ల షేర్ల నిష్పత్తి నచ్చనివారు తమ వాదనను మొదట సమావేశంలోనే గెలవాలి.

హైదరాబాద్ నుంచి రెండు ఉదాహరణలు

హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎన్‌ఎండీసీ నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని నగర్‌నార్ ఉక్కు కర్మాగారాన్ని వేరు చేయడం ఇటీవలి పెద్ద విభజనల్లో ఒకటి. కేంద్ర మంత్రివర్గ సంఘం 2020 అక్టోబరులో అనుమతించింది. ప్రభుత్వ కంపెనీ కనుక ట్రైబ్యునల్ స్థానంలో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పథకాన్ని ఆమోదించింది. అమలు 2022 అక్టోబరు 13న మొదలైనా, పథకంలో పేర్కొన్న ‘అపాయింటెడ్ డేట్’ 2021 ఏప్రిల్ 1. అంటే లెక్కల్లో ఆ తేదీ నుంచే విభాగం కొత్త కంపెనీదిగా పరిగణన పొందింది. 2022 అక్టోబరు 28 నాటికి ఎన్‌ఎండీసీ షేరు ఉన్నవారికి ఒక్కొక్క షేరుకు ఒక ఎన్‌ఎండీసీ స్టీల్ షేరు లభించింది. అది 2023 ఫిబ్రవరి 20న లిస్టయింది. రికార్డు తేదీకీ లిస్టింగ్‌కూ మధ్య దాదాపు నాలుగు నెలలు ఆ షేరు చేతిలో ఉన్నా అమ్ముకునే వీలు లేదు.

ప్రైవేటు రంగంలో సువెన్ లైఫ్ సైన్సెస్ మరో తరహా. కొత్త మందుల పరిశోధన ఖర్చుతో కూడినది, ఫలితం అనిశ్చితం. కాంట్రాక్టు తయారీ వ్యాపారం లాభదాయకం. రెండింటినీ ఒకే షేరులో ఉంచడం కన్నా వేరు చేయడమే మేలని భావించిన కంపెనీ, తయారీ విభాగాన్ని సువెన్ ఫార్మాస్యూటికల్స్‌కు బదిలీ చేసింది. ఎన్‌సీఎల్‌టీ హైదరాబాద్ బెంచ్ 2020 జనవరిలో ఆమోదించగా, కొత్త షేరు మార్చిలో లిస్టయింది.

విభజన నాడు పాత షేరు ధర పడిపోవడం చూసి నష్టపోయామని కంగారు పడేవారు ఉంటారు. విలువలో ఒక భాగం కొత్త షేరులోకి వెళ్లడమే అందుకు ప్రధాన కారణం. కొనుగోలు ధర కూడా అలాగే చీలుతుంది. విడిపోయిన విభాగపు నికర పుస్తక విలువ పాత కంపెనీ నికర విలువలో 30 శాతమైతే, 10,000 రూపాయలకు కొన్న షేర్లలో 3,000 కొత్త షేర్ల ధరగా, 7,000 పాత షేర్ల ధరగా లెక్కిస్తారు. మూలధన లాభాల పన్ను కోసం కొత్త షేర్ల కాలపరిమితిని పాత షేర్లు కొన్న రోజు నుంచే గణిస్తారు. బదిలీ సమయంలో వాటాదారుపై పన్ను పడదు.

అప్పుల విషయం ఇంత తేలిక కాదు. ఆ విభాగం కోసం ప్రత్యేకంగా చేసిన అప్పు దానితోనే వెళుతుంది. ఉమ్మడిగా తెచ్చిన అప్పు ఆస్తుల విలువ నిష్పత్తిలో పంచుతారు. నిన్నటి దాకా ఒక కంపెనీ మొత్తం ఆస్తిని చూసి అప్పిచ్చినవారు, రేపటి నుంచి అందులో ఒక భాగాన్నే ఆధారంగా చూసుకోవాలి. ఉద్యోగులకైతే ఈ ప్రక్రియలో ఓటే లేదు. వారికి రక్షణ పథకంలోని హామీ, కార్మిక చట్టం. సర్వీసు తెగకుండా, షరతులు తగ్గకుండా కొత్త యాజమాన్యం కొనసాగించాలి, పాత సర్వీసును కూడా గ్రాట్యుటీ లెక్కలో కలపాలి.

ఉత్తర్వు ధ్రువీకృత ప్రతిని 30 రోజుల్లో రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. ఉత్తర్వుపై అప్పీలు చేయదలచినవారికి జాతీయ అప్పిలేట్ ట్రైబ్యునల్ ముందు 45 రోజుల గడువు ఉంటుంది. చిన్న కంపెనీలకు సెక్షన్ 233 కింద దగ్గరి దారి ఉంది. వారు ట్రైబ్యునల్‌కు వెళ్లకుండా కేంద్ర ప్రభుత్వ రీజినల్ డైరెక్టర్ ద్వారా పని ముగించుకోవచ్చు. అందుకు మాత్రం 90 శాతం షేర్లు గల సభ్యుల, విలువలో పదింట తొమ్మిది వంతుల రుణదాతల సమ్మతి కావాలి. డెలానీపూర్‌లోని కంపెనీకి ఆ కార్యాలయమూ కోల్‌కతాలోనే. లిమిటెడ్ కంపెనీగా నమోదు కాని భాగస్వామ్య వ్యాపారానికి మాత్రం ఈ తతంగమేదీ అక్కరలేదు. అది 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, భాగస్వాములు రాసుకున్న ఒప్పందం మేరకు విడిపోతుంది.